మెడ మీద రెండు వేళ్ళు

జనవరి 9
నర్సుల హాస్టల్, మూడో అంతస్తు

పెద్దమ్మా,

క్షేమంగా చేరాను. నువ్వు పెట్టెకి కట్టిన తాడు విప్పడానికి ముగ్గురం పట్టాం. కత్తెరతో కోసేద్దామంటే నేను ఒప్పుకోలేదు, నీకు తెలిస్తే ఊరుకోవని. గదిలో రెండు మంచాలు, ఒక కిటికీ. కిటికీలోంచి ఆసుపత్రి లాండ్రీ వెనక గోడ, ఆవిరి వదిలే గొట్టం కనిపిస్తాయి. నా గదిలో ఉన్నమ్మాయి నిద్రలో కూడా మందుల డోసులు అప్పజెబుతుంది.

ఫోన్లో మాట రెండోసారి చదువుకోవడానికి ఉండదంటావు కదా, అందుకే ఈ ఉత్తరం. ముప్పైరెండేళ్ళ వయసులో ఒక్కదానివే అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదానివి. కాగితమంటే నీకున్న మర్యాద నాకు తెలుసు.

ఇక పని సంగతి. డిగ్రీ చేతికొచ్చినా కొత్త నర్సుల్ని నేరుగా ఎమర్జెన్సీలోకి పంపరు. ఆరు వారాల శిక్షణ ఉంటుంది. పదకొండు మందిమి. ఆరో వారం చివర శిక్షకుడు మా కాగితం మీద సంతకం పెడితే ఎమర్జెన్సీలో ఉద్యోగం, పెట్టకపోతే ఇంటికి. ఆయన ఇరవై ఏళ్ళు అక్కడే నర్సుగా చేసిన మనిషి. గదిలో మా పక్కన ఉండడు, అద్దం వెనక కూర్చుంటాడు. మేం ఆయనకి కనిపిస్తాం, ఆయన మాకు కనిపించడు. గొంతు మాత్రం సీలింగులోని స్పీకరు నుంచి వస్తుంది. మావాళ్ళు ఆయనకి ఆకాశవాణి అని పేరు పెట్టారు.

మంగళవారం మా మొదటి రోగి వచ్చాడు. లారీ డ్రైవరు, యాభై రెండేళ్ళు, ఛాతీ నొప్పి. నేను ఆక్సిజన్ మాస్కు పెట్టాను గాని సిలిండరు తిప్పడం మరిచిపోయాను. పావుగంటలో నా చేతిలోనే పోయాడు. తర్వాత అందరం పక్క గదిలో కూర్చుని దాని వీడియో చూశాం, టీ తాగాం. టీవీలో నా ముఖం చాలా లావుగా ఉంది.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? కుట్టు మిషన్ కింద పీట వేసుకో.

నీ
పిట్ట


జనవరి 14

పిట్టా,

నీకు శాంతి సమాధానాలు కలుగుగాక. నాకైతే లేవు.

నీ ఉత్తరం వచ్చేసరికి మిషన్ మీద కాలరు సగంలో ఉంది. అది ఇప్పటికీ సగంలోనే ఉంది. మనిషి పోయాడని ఒక వాక్యంలో రాసి, దాని పక్కనే టీ తాగామని రాశావే! ఆ పక్కనే నీ ముఖం లావుగా ఉందని రాశావే! అమ్మ పోయాక నిన్ను పెంచింది నేనేనా, లేక ఇంకెవరైనా పెంచి నా పేరు చెప్పారా?

ఆ డ్రైవరుకి పెళ్ళాం ఉందా? పిల్లలెంతమంది? కబురు ఎవరు చెప్పారు? ఆదివారం టైర్ల కొట్టు పైన మన ప్రార్థన గదిలో ప్రసంగం పక్కన పెట్టేశాను. నలభై మందినీ మోకాళ్ళ మీద నిలబెట్టి, ఆ విధవరాలి కోసం గంటసేపు ప్రార్థన చేయించాను. గుడ్లమ్మే ఆవిడ తన సొంత తమ్ముడు పోయినట్టు ఏడ్చింది.

అద్దం వెనక దాక్కుని మనిషి చావు చూసేవాడు ఎవడే? బైబిల్లో దోపిడీ దొంగలు కొట్టి పడేసినవాణ్ణి చూసి దారి పక్కగా తప్పుకుపోయిన యాజకుడు వీడికంటే నయం. వాడు కనీసం కుర్చీ వేసుకుని చూడలేదు! అలాంటివాడి సంతకం నీకెందుకు?

చావంటే ఎలా ఉండాలో నేను చూశాను. మీ పెదనాన్న ప్రార్థన వింటూ, నా ఒళ్ళో తల పెట్టుకుని, నిద్రలోకి జారినట్టు జారిపోయాడు. ఆ సాక్ష్యం నేను చెప్పని ఆదివారం లేదు. అది టీవీలో వేసుకుని చూసే సంగతి కాదు.

మన వీధి చివర చర్మం డాక్టరు నర్సు కోసం చూస్తున్నాడు. పది నుంచి ఆరు వరకే పని. మొటిమలతో పోయినవాడు లోకంలో ఎవడూ లేడు. ఫిబ్రవరి నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. ఆలోచించుకో.

కోపంగా, ప్రేమగా, రెండూ కలిపి
పెద్దమ్మ


జనవరి 19

పెద్దమ్మా,

ముందు కూర్చుని చదువు. ఆ డ్రైవరుకి పెళ్ళాం లేదు, పిల్లలూ లేరు. అతను రబ్బరు బొమ్మ.

తప్పు నాదే. మొదటిరోజే ఆకాశవాణి ఒక మాట చెప్పాడు: "ఈ గదిలో మంచం మీద ఉన్నది రోగి. బొమ్మ అన్నవాళ్ళు బయటికి నడవచ్చు." వారం రోజులు జాగ్రత్తగా రోగి, రోగి అని నీకు కూడా అలాగే రాసేశాను. నలభై మంది మోకాళ్ళు తలుచుకుంటే నాకు ఇక్కడ నొప్పి పుడుతోంది. గుడ్లమ్మే అత్తకి నా తరఫున క్షమాపణ చెప్పు.

బొమ్మ అంటే పిల్లలు ఆడుకునేది కాదు. మనిషంత బరువు. ఊపిరి తీస్తే ఛాతీ లేస్తుంది. కళ్ళు ఆర్పుతుంది. గొంతులో స్పీకరుంది, అద్దం వెనకనుంచి ఆకాశవాణే మూలుగుతాడు, "సిస్టర్, నేను చచ్చిపోతున్నానా?" అని అడుగుతాడు. మొన్న దానికే విగ్గు పెట్టి డెబ్బై ఏళ్ళ బామ్మ అన్నారు. నిన్న కడుపుకి దిండు కట్టి నిండు గర్భిణి అన్నారు. మొదట నవ్వొస్తుంది. రెండు నిమిషాలు గడిచాక రాదు.

చెమట పట్టడం, ఒళ్ళు చల్లబడటం లాంటివి మాత్రం బొమ్మకి రావు. కాబట్టి మేం చెయ్యి పెట్టి "ఒళ్ళు చూస్తున్నాను" అని గట్టిగా అంటాం. పైనుంచి ఆయన "చల్లగా ఉంది, చెమట" అని చెబుతాడు. విని ముందుకి సాగుతాం.

తప్పు చేస్తే ఇక్కడే చేయాలి, ఇక్కడ పోయినవాడు మధ్యాహ్నానికి మళ్ళీ లేస్తాడు. అందుకే వీడియో చూసేది. టీ మాత్రం నిజంగా ఊరికే తాగాం.

మీ ప్రార్థన వృథా పోలేదు. అదే డ్రైవరు గురువారం మళ్ళీ వచ్చాడు, ఈసారి బతికాడు. సిలిండరు నేనే తిప్పాను.

చర్మం డాక్టరు సంగతి వద్దు పెద్దమ్మా. నాకు ఈ సంతకమే కావాలి.

పిట్ట


జనవరి 24

పిట్టా,

లేని విధవరాలి కోసం గంటసేపు మోకాళ్ళు అరగదీశాం! ఆదివారం నేను లేచి నిలబడి ఆ మాట అందరి ముందూ ఒప్పుకోవాల్సి వచ్చింది. టైర్ల కొట్టాయన వెనక వరుసలో నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. "అమ్మగారూ, వచ్చే వారం నా స్టెప్నీ టైరు కోసం కూడా మోకరించండి, దానికీ ఊపిరాడటం లేదు" అన్నాడు. నలభై మందీ నవ్వారు. ప్రభువు సన్నిధిలో!

సరే, నవ్వు పోనీ. అసలు సంగతి చెబుతా విను. విగ్రహాలకి కళ్ళున్నా చూడలేవు, నోరున్నా మాట్లాడలేవు అని చిన్నప్పుడు నీకు నేను కంఠతా నేర్పాను. నీ బొమ్మ కళ్ళు కూడా ఆర్పుతుంది, నోటితో మాట్లాడుతుంది. అంటే విగ్రహం కన్నా ఇంకో మెట్టు ముదిరిన అబద్ధం. పైనుంచి మాట్లాడేవాడు ఒక్కడే తల్లీ. ఆయన స్పీకరు వాడడు.

కొడుకు పోతే ఒక తల్లి ప్రవక్త కాళ్ళు పట్టుకుంది, గుర్తుందా? ప్రవక్త తన పనివాడికి కర్ర ఇచ్చి, పరుగెత్తి వెళ్ళి ఆ పిల్లాడి ముఖం మీద పెట్టమన్నాడు. పెట్టాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ప్రాణం లేని కర్ర ప్రాణం లేని పిల్లాణ్ణి లేపుతుందా? ప్రాణం లేని రబ్బరు నీకు ప్రాణం సంగతి నేర్పుతుందా? జవాబు రాయి. లేఖనంతోనే రాయి. నీ ఆకాశవాణి మాటలు నాకొద్దు.

మోకాలికి పీట వేసుకున్నాను.

పెద్దమ్మ


జనవరి 30

పెద్దమ్మా,

లేఖనంతోనే రాస్తున్నాను. ఆ కథలో కర్ర తర్వాత ఏం జరిగింది? ప్రవక్త తనే వచ్చాడు. పిల్లాడి మీద పడుకుని నోటి మీద నోరు, చేతుల మీద చేతులు పెట్టాడు. ఒళ్ళు వెచ్చబడింది. మా శిక్షకుడు అద్దం వెనక ఉంటే ఆయనలో ఒక్క తప్పే పట్టేవాడు. మధ్యలో లేచి ఇంట్లో అటూ ఇటూ నడిచాడు కదా, అది. మా దగ్గర ఒకసారి మొదలుపెట్టాక ఆపకూడదు. అలిసిపోతే ఇంకొకరు అందుకోవాలి.

ఈ వారమంతా గుండె ఆగిపోయినవాళ్ళే. రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి, మోచేతులు వంచకుండా, ఛాతీ నడుమ నొక్కాలి. ఐదు సెంటీమీటర్లు దిగాలి, మళ్ళీ పూర్తిగా లేవాలి. నిమిషానికి వందకి తగ్గకూడదు, నూట ఇరవై దాటకూడదు. రెండు నిమిషాలకే చేతులు ఊడిపోతాయి.

నాకు కొత్తగా తెలిసింది ఒకటుంది. గుండె ఆగినా కొందరికి వెంటనే ఊపిరి ఆగదట. మధ్యమధ్య గురక లాంటి చప్పుడు వస్తుంది. చూసేవాళ్ళు బతికే ఉన్నాడు, నిద్రపోతున్నాడు అనుకుంటారు. అది నిద్రా కాదు, ఊపిరీ కాదు. నొక్కడం మొదలుపెట్టాల్సింది సరిగ్గా అప్పుడే. ఆకాశవాణి ఆ గురక రికార్డు చేసి వినిపించాడు. మాలో ఒకమ్మాయి బయటికి వెళ్ళిపోయింది.

బొమ్మకి మెడ దగ్గర నాడి పాడైంది. బాగుచేసేవాడు వచ్చే నెల గాని రాడట. అంతవరకు మెడ మీద రెండు వేళ్ళు పెట్టి "నాడి చూస్తున్నాను" అంటే, ఉందో లేదో పైనుంచి చెబుతానన్నాడు.

వచ్చే వారం నుంచి వారానికో రోజు నిజం ఎమర్జెన్సీలో పెద్ద సిస్టరు వెనక నిలబడాలి. నిజం మనుషులు!

పిట్ట


ఫిబ్రవరి 4

పిట్టా,

ఒక్క సంగతి రాయి. ఆ గురక ఎంతసేపు ఉంటుంది? నిమిషాల్లో రాయి. పెదవుల రంగు ఎలా మారుతుంది? కళ్ళు తెరిచి ఉంటాయా, మూసి ఉంటాయా?

పని చాలా ఉంది.

పెద్దమ్మ


ఫిబ్రవరి 8

పెద్దమ్మా,

నువ్వు వాదించకుండా ప్రశ్న అడిగావంటే నాకెంత సంతోషమో! ప్రార్థన గదిలో చెప్పడానికే అడిగావనుకుంటాను. తప్పకుండా చెప్పు, అందరికీ తెలియాల్సిన సంగతి.

గురక ఒకటి రెండు నిమిషాలు ఉండొచ్చు, కొందరికి ఇంకా ఎక్కువసేపు ఆగి ఆగి వస్తుంది. చేపని నీళ్ళలోంచి తీస్తే నోరు తెరిచినట్టు తెరుస్తారు. పెదవులు నీలంగా మారి తర్వాత బూడిద రంగుకి వస్తాయి. కళ్ళు చాలామందికి సగం తెరిచి ఉంటాయి.

అసలు గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. ఎవరూ నొక్కకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం వందలో ఏడు నుంచి పది వంతులు తగ్గిపోతుంది. పది నిమిషాలకి దాదాపు ఏమీ మిగలదు. అందుకే ముందు ఆంబులెన్సుకి ఫోను, వెంటనే చేతులు. ఇంట్లో ఉన్నవాళ్ళు కంగారులో నీళ్ళు చల్లుతారు, పేరు పెట్టి పిలుస్తారు, అరికాళ్ళు రుద్దుతారు, దేవుణ్ణి తలుచుకుంటారు. "వాళ్ళకి ప్రేమ తక్కువై కాదు, చేతులకి ఏం చేయాలో తెలియక" అంటాడు ఆకాశవాణి. చూశావా, నువ్వనుకున్నంత దుర్మార్గుడు కాదు.

ఇంకా ఏమైనా అడుగు. ఎన్ని పేజీలైనా రాస్తాను.

పిట్ట


ఫిబ్రవరి 18

పెద్దమ్మా,

పది రోజులైంది, నీ జవాబు లేదు. దేవుణ్ణి తలుచుకుంటారు అన్న మాట నీకు గుచ్చుకుని ఉంటుంది. ఎగతాళిగా రాయలేదు, నమ్ము. ఒకవేళ ఇంకా బొమ్మ మీదే కోపమైతే ఇక ఉండనక్కర్లేదు. బొమ్మతో నా పని అయిపోయినట్టే.

సోమవారం ఎమర్జెన్సీలో నా రెండో రోజు. ఒక వడ్రంగిని తెచ్చారు, నలభై ఏళ్ళుంటాయి, పని మీద ఉండగా పడిపోయాడట. జుట్టులో ఇంకా రంపపు పొట్టు ఉంది. పెద్ద సిస్టరు అవతలి పక్క సూది సిద్ధం చేస్తూ "నాడి చూడు" అంది. నేను మెడ మీద రెండు వేళ్ళు పెట్టాను. "నాడి చూస్తున్నాను" అని గట్టిగా అన్నాను. అని తల పైకెత్తాను.

పైన ట్యూబులైటు ఉంది. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను, అది చెబుతుందని.

నా వేళ్ళ కింద ఏముందో నేను గమనించనే లేదు. "ఎవరి కోసం చూస్తున్నావు?" అని పెద్ద సిస్టరు అరిచి, భుజంతో నన్ను పక్కకి నెట్టి తనే నొక్కడం మొదలుపెట్టింది. అతన్ని బతికించి పై అంతస్తుకి పంపారు. తెలివి వచ్చిందో లేదో మాకు చెప్పరు. అక్కడి కెమెరాలో లెక్కేశారు. నేను పైకి చూస్తూ నిలబడింది పద్నాలుగు సెకన్లు.

ఆకాశవాణి అద్దం వెనకనుంచి బయటికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "ఇది నీకు అలవాటు చేసింది నేనే. పాడైన మెడతో నేర్పకుండా ఉండాల్సింది" అన్నాడు. అయినా సంతకం మాత్రం పెట్టలేదు. మార్చి నాలుగున ఇంకొక్క పరీక్ష. కావాలంటే పేరివ్వమన్నాడు.

ఇవ్వదలుచుకోలేదు. రాత్రుళ్ళు అన్నం సహించడం లేదు. మొటిమలతో ఎవరూ పోరన్నావు కదా. చర్మం డాక్టరుకి నెలాఖరులో వస్తానని చెప్పు.

పిట్ట


ఫిబ్రవరి 22

పిట్టా,

నిన్న చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మా అమ్మాయి రాదు, ఇంకొకరిని చూసుకోండి అని చెప్పాను. నా మాట నమ్మి ఇన్నాళ్ళు ఆగినందుకు ఆయన ముఖం మాడ్చుకున్నాడు. మాడ్చుకోనీ. ఎందుకు చెప్పానో ఇప్పుడు రాస్తాను. నీ మీద నాకు కోపం లేదు. పది రోజులూ కలం పట్టుకుంటే చెయ్యి ఆడలేదు, అంతే.

ఆ రోజు మీ పెదనాన్న పని నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఒక బూటు విప్పాడు. రెండో బూటు లేసు లాగుతూ పక్కకి ఒరిగి నేల మీద పడ్డాడు. నేను తల ఒళ్ళో పెట్టుకున్నాను. గురక మొదలైంది. ఇన్నేళ్ళ సాక్ష్యంలో ఆ గురక సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, నిద్రలా జారిపోయాడనే చెప్పాను. కానీ నిద్ర కాదని నాకు ఆ క్షణమే తెలుసు. లేసు విప్పుతూ ఎవరు నిద్రపోతారు?

తలుపు గడియ వేశాను. ఆ ప్రవక్త కూడా తలుపు వేసుకునే ప్రార్థన చేశాడు కదా అని. నుదుటి మీద చెయ్యి పెట్టి "ప్రభువా, ఈయన్ని లేపు" అన్నాను. అని ఆగాను. గురక ఆగేది, మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడల్లా స్తోత్రం అన్నాను, ప్రార్థన పనిచేస్తోందని. నాకు కంఠతా వచ్చిన పెద్ద కీర్తన రెండుసార్లు చదివాను, కాపరి కీర్తన మూడుసార్లు. ఇక గురక రాకపోయాక తలుపు తీసి పక్కింటివాళ్ళని పిలిచాను. ఫోను పక్క గదిలోనే ఉంది. నేను లేవలేదు.

నిమిషాల లెక్క రాసిన నీ ఉత్తరం వచ్చిన రోజు గోడ గడియారం ముందు కూర్చుని, ఆనాడు చదివినట్టే అన్నీ చదివాను. పదకొండు నిమిషాలు పట్టింది. మర్నాడు మళ్ళీ చదివాను. పదకొండే.

నువ్వు పద్నాలుగు సెకన్లు పైకి చూశావు. నేను పదకొండు నిమిషాలు చూశాను. నిన్ను భుజంతో నెట్టడానికి పక్కన ఒక మనిషి ఉంది. నా పక్కన ఎవరూ లేకుండా గడియ వేసుకున్నది నేనే.

ఆ కథ మళ్ళీ తీసి చదివాను. తలుపు మూసి ప్రార్థన చేశాడని ఒక్క వచనం ఉంది. తర్వాత రెండు వచనాలు నోరు, కళ్ళు, చేతులు, ఒళ్ళు, మళ్ళీ ఒళ్ళు. పాతికేళ్ళుగా ఆ ఒక్క వచనం మీదే ప్రసంగాలు చెప్పాను. మిగతా రెండూ నా కళ్ళముందే ఉన్నాయి.

పరీక్షకి పేరివ్వు. నీ చెయ్యి ఎక్కడ ఆగిందో నీకు తెలిసింది. నాలాంటివాళ్ళు తమవాళ్ళని తీసుకురావాల్సింది అది తెలియనివాళ్ళ దగ్గరికి కాదు, తెలిసినదాని దగ్గరికి.

నన్ను ఓదార్చకు. నీకు తెలిసింది మాత్రమే రాయి.

పెద్దమ్మ


ఫిబ్రవరి 28

పెద్దమ్మా,

ఓదార్చొద్దన్నావు, అలాగే. తెలిసింది రాస్తాను.

పదకొండు నిమిషాలు ఎక్కువే. మొదటి నిమిషంలో నొక్కడం మొదలుపెట్టి ఉంటే పెదనాన్నకి కొంత అవకాశం ఉండేది. ఎంతో నాకు తెలియదు. మన వీధికి ఆంబులెన్సు ఎంతసేపట్లో వస్తుందో, ఆ రోజు గుండె ఏ తీరులో ఆగిందో తెలియకుండా ఎవరూ చెప్పలేరు. ఎవరి సంగతో చెప్పకుండా ఆకాశవాణిని అడిగాను. ఆయన "నాకూ తెలియదు" అన్నాడు.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నీకు రాయలేకపోయాను. కోపం వచ్చింది. పెదనాన్న పోయినప్పుడు నేను కాలేజీ హాస్టల్లో ఉన్నాను. నువ్వు చెప్పిన నిద్రనే నేను మూడేళ్ళుగా కళ్ళ ముందు పెట్టుకున్నాను. ఆ కోపం ఇంకా పోలేదు. పోయిందని రాస్తే నీకు అబద్ధం రాసినట్టు. నేను వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

గురక గురించి అంత హుషారుగా రాసినందుకు మాత్రం సిగ్గుగా ఉంది.

పరీక్షకి పేరిచ్చాను.

పిట్ట


మార్చి 5

పెద్దమ్మా,

నిన్న పరీక్ష అయింది. బొమ్మ మెడ ఇంకా బాగుకాలేదు. నేను లోపలికి వెళ్ళగానే పైన స్పీకరు టక్కున ఆగిన చప్పుడు వినిపించింది. కావాలనే ఆపేశాడు.

మంచం మీద లారీ డ్రైవరు. మెడ మీద రెండు వేళ్ళు పెట్టాను. నోరు తెరవలేదు. వేళ్ళ కింద నాడి ఉందో లేదో ఏమీ తెలియలేదు. పది సెకన్లకి మించి వెతకకూడదు. తెలియకపోతే లేనట్టే లెక్క. మంచం ఎక్కి నొక్కడం మొదలుపెట్టాను. ఎవరూ సరే అనలేదు, ఎవరూ ఆపమనలేదు. రెండు నిమిషాలకి నా గది అమ్మాయిని అందుకోమన్నాను. మళ్ళీ నేను.

తర్వాత ఆయన బయటికి వచ్చి సంతకం పెట్టాడు. పెన్ను రాయకపోతే నాదే ఇచ్చాను. సోమవారం నుంచి ఎమర్జెన్సీలో పగటి డ్యూటీ, అదే పెద్ద సిస్టరు కింద. "సీలింగు వైపు చూస్తే ఈసారి భుజంతో కాదు, ట్రేతో కొడతాను" అని కబురు పంపింది.

పిట్ట


మార్చి 13

పిట్టా,

సంతకం పడిందని చదివి మిషన్ ఆపి నిలబడ్డాను.

ఆదివారం సాక్ష్యం మార్చి చెప్పాను. బూటు దగ్గర మొదలుపెట్టి గడియారం దాకా ఏదీ వదలకుండా. ఎవరూ ఆమెన్ అనలేదు. ఏడుగురు మధ్యలోనే లేచి మెట్లు దిగి వెళ్ళిపోయారు. అందులో ఒకావిడ వాకిట్లో నిలబడి "ఇన్నాళ్ళూ మా చేత అబద్ధానికి ఏడిపించావు" అంది. ఆ మాట నిజమే. మిగిలినవాళ్ళు నేలచూపులు చూస్తుంటే గుడ్లమ్మే ఆవిడ లేచి "అక్కా, అదంతా సరే, నొక్కడం ఎలాగో చెప్పు" అంది.

దానికి బొమ్మ కావాలి కదా. టైర్ల కొట్టాయన పాత సీటు స్ప్రింగులు ఇచ్చాడు. గట్టి కాన్వాసు తీసుకుని, లోపల స్ప్రింగులు బిగించి, పొట్టు కూరి, మనిషి ఛాతీ అంత కుట్టాను. టేపు పెట్టి కొలిచాను. ఐదు సెంటీమీటర్లు దిగుతుంది, మళ్ళీ పూర్తిగా లేస్తుంది. ముఖం మాత్రం కుట్టలేదు. అంత దూరం నేను రాలేను.

ఆంబులెన్సు వాళ్ళకి ఫోన్ చేశాను. అవును, నేనే, ఫోనే. మన వీధికి బండి రావడానికి ఎంతసేపు పడుతుందని అడిగాను. ట్రాఫిక్ లేకపోతే పదమూడు నిమిషాలు అన్నారు.

నిన్న సాయంత్రం పద్దెనిమిది మంది వచ్చారు. టైర్ల కొట్టాయన గడియారం పట్టుకుని నిలబడ్డాడు. నువ్వు రాసినట్టే రెండు నిమిషాలకొకరు మారాం, మధ్యలో చేతులు ఆగకుండా. ఎవరో అలవాటు కొద్దీ స్తోత్రం అన్నారు. "అను, కాని లెక్క తప్పకు" అన్నాను.

చివరి వంతు మళ్ళీ నాదే వచ్చింది. మోకాలు సలుపుతోంది, కళ్ళలోకి చెమట కారుతోంది. పదమూడు నిమిషాలూ అయ్యాయి. "ఇక చాలమ్మగారూ, ఆపండి" అన్నాడు టైర్ల కొట్టాయన.

"బండి వచ్చిందా?" అన్నాను.

"ఏ బండి?" అన్నాడాయన.

రాలేదు కదా మరి. నేను నొక్కుతూనే ఉన్నాను.

పెద్దమ్మ